ఎర్ర పట్టీ

మా కరెంటాఫీసులో రహస్యాలు దాచడానికి నాలుగు రంగులొచ్చాయి. ఆకుపచ్చ అంటే అందరికీ. నీలం అంటే ఆఫీసు వరకే. పసుపు అంటే గోప్యం. ఎరుపు అంటే అతి గోప్యం. కంప్యూటర్లో ఏ ఎక్సెల్ షీటు తెరిచినా పైన ఈ నాలుగింటిలో ఏదో ఒక పట్టీ కనపడాలి, పట్టీ లేకపోతే షీటు సేవ్ కాదు. ఎర్ర పట్టీ ఉన్నదాన్ని అనుమతి ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ తెరవలేరు. తెరిచినా ప్రింటు తీయలేరు, మరొకరికి పంపలేరు. ఇదంతా నేర్పడానికి పైనుంచి ఒకాయన్ని పంపారు. నెత్తిన జుట్టు లేదు, కళ్ళల్లో నిద్ర తప్ప ఇంకేమీ లేదు. ఊరూరా ఇవే మాటలు చెప్పి చెప్పి అరిగిపోయినట్టున్నాడు. మేం ఆయనకి లేబులాయన అని పేరు పెట్టుకున్నాం.

ఇంత హంగామా రావడానికి కారణం నా షీటే. నా పనేమిటో చెబితే గానీ ఇది అర్థం కాదు. లైన్లు బాగుచేయడానికి ఏదైనా వీధికి కరెంటు ఆపేముందు, ఆ వీధిలో మిషన్ మీద బతుకుతున్నవాళ్ళ ఇళ్ళకి ఫోన్ చేసి చెప్పాలి. ఆక్సిజన్ పెట్టుకున్న ముసలాయన, ఇంట్లోనే డయాలిసిస్ చేసుకునే ఆవిడ, ఇలాంటివాళ్ళు. "ఫలానా టైముకి కరెంటు పోతుందండీ, ఏర్పాటు చేసుకోండి" అని చెప్పేది నేనే. వాళ్ళ పేరు, ఇంటి నంబరు, ఫోను, జబ్బు, అన్నీ నా షీటులో ఉంటాయి. అది ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి జారిందో గానీ, ఉన్నట్టుండి ఆ ఇళ్ళన్నిటికీ ఇన్వర్టర్లు అమ్మేవాళ్ళు ఫోన్లు చేయడం మొదలెట్టారు. వాళ్ళయ్యాక శవాల బండివాళ్ళు. "ఇప్పుడు అవసరం లేకపోయినా మా నంబరు ఉంచుకోండమ్మా" అన్నాడట ఒకడు. ఆ ఇంటివాళ్ళొచ్చి మా పెద్దసారు బల్ల మీద గుద్ది వెళ్ళారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, అప్పుడొచ్చాయి రంగులు.

పాఠం విన్నాక మావాళ్ళు భయపడి అన్నిటికీ ఎరుపే పెట్టేశారు. సెలవుల షీటు ఎరుపు. జీపు డ్రైవర్ల డ్యూటీ షీటు ఎరుపు. ఏ రోజు ఎవరు టీ పెట్టాలో రాసుకున్న షీటుకి కూడా ఎవరో మహానుభావుడు అతి గోప్యం తగిలించాడు. వంతు ఎవరిదో తెలియక ఆఫీసులో టీ ఆగిపోయింది. పెద్దసారు తన సెలవులెన్నో తనే చూసుకోలేక లేబులాయన్ని పిలిపించాడు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అన్నీ రహస్యమే అయితే ఏదీ రహస్యం కాదండీ" అన్నాడు. "పట్టీ పెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇది పరాయివాడి కంట్లో పడితే ఎవరికి దెబ్బ? ఎవరికీ లేకపోతే ఆకుపచ్చ పెట్టి ఊరుకోండి." మావాళ్ళు ఆ ఆఖరి ముక్క ఒక్కటే చెవినేసుకుని మర్నాడు జీతాల షీటుకి ఆకుపచ్చ పెట్టారు. ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది.

చివరికి పాత షీట్లన్నిటికీ పట్టీలు పెట్టే పని నా నెత్తిన పడింది. "మీరైతే జాగ్రత్తమనిషి కదమ్మా" అన్నాడు పెద్దసారు. జాగ్రత్తమనిషి అంటే మా ఆఫీసులో కాదనడం చేతకాని మనిషి అని అర్థం. పొద్దున ఫోన్లు, మధ్యాహ్నం నుంచి పట్టీలు. షీటు తెరువు, చదువు, ఎవరికి దెబ్బో ఆలోచించు, రంగు నొక్కు, మూయి. మళ్ళీ ఇంకోటి తెరువు. ఎప్పుడో రిటైరైపోయినవాళ్ళు రాసిన షీట్లు, ఎందుకు రాశారో వాళ్ళకే తెలియని షీట్లు. సాయంత్రానికి మెడ పట్టేసేది, కళ్ళు మూసుకున్నా రంగులే తిరిగేవి. ఇంటికెళ్ళాక మా ఆయన "కూరలో ఉప్పు తక్కువైంది" అంటే, అది ఆకుపచ్చా పసుపా అని ఆలోచించేంత దాకా వచ్చింది నా బతుకు.

ఇందులో నాకు మింగుడుపడని సంగతి ఇంకోటుంది. నా షీటుకి ఎర్ర పట్టీ వేశారు, సరే. తెరకి ఫొటో తీస్తారని హాల్లోకి సెల్‌ఫోన్లు తేవద్దన్నారు, అదీ సరే. కానీ నేను మాట్లాడేది ఎక్కడ్నుంచి? ఆ హాలు నట్టనడిమి నుంచే. చుట్టూ బల్లలు, గుమ్మం పక్కన లైన్లవాళ్ళు కూర్చునే బెంచీ. ఏం మాట్లాడాలో కూడా కాగితం మీద రాసిచ్చారు. ముందు ఇంటి నంబరు చదివి ఔనా కాదా అడగాలి. తర్వాత ఫలానా మిషన్ ఉందా అని అడగాలి. రెండిటికీ ఔనంటేనే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పాలి. అవతల సగంమంది చెవులు సరిగ్గా వినపడని ముసలివాళ్ళు. అంచేత ఎర్ర పట్టీ షీటులో ఉన్నదంతా నేను పొద్దున్నే గొంతెత్తి హాలంతటికీ వినిపించేదాన్ని. లేబులాయనకి ఈ మాట చెబితే, "గొంతుకి లేబుల్ లేదమ్మా" అన్నాడు. పాపం, ఆయనకీ ఓపికైపోయింది.

ఆ షీటులో మా అక్క పేరు లేదు. మొట్టమొదట ఉండాల్సిన పేరు అదే.

అక్కకి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. పగలూ రాత్రీ ముక్కుకి గొట్టం, మంచం పక్కన మిషన్. తలుపు తీసి, వచ్చినవాళ్ళతో రెండు మాటలు మాట్లాడి పంపేసేంతవరకు గొట్టం లేకుండా ఉండగలదు. అంతకు మించితే పెదాలు నల్లబడతాయి. బావ పోయాడు, పిల్లల్లేరు. మా ఇంటికి రమ్మందామంటే మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అక్కకి మెట్లంటే చావే. వీధిలోంచి నేరుగా గుమ్మంలోకి అడుగుపెట్టే ఇల్లు, ఊరంతా గాలిస్తే ఇదొక్కటి దొరికింది.

పైవాటాలో ఇల్లుగలావిడ ఉంటుంది. మంచి మనిషే, కానీ ఒక భయం పట్టుకుంది ఆవిడని. అక్కకి ముందు కింద అద్దెకున్నాయన ఆ ఇంట్లోనే పోయాడు. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ ఆ వాటాలో దిగలేదు. అప్పట్నుంచి ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళని ఆవిడ మొదట అడిగేది, "ఆరోగ్యం బాగానే ఉంటుందా?" అని. అక్క ఆ రోజు గొట్టం సంచిలో కుక్కి, నవ్వుతూ, "దుక్కలా ఉన్నానండీ" అంది. మిషన్ మోత నేరాన్ని పాత ఫ్రిజ్ మీద మోపింది. "ఆ ఫ్రిజ్ మార్చెయ్యకూడదూ, ఏం గోల" అని ఇల్లుగలావిడ కనపడినప్పుడల్లా అంటుంది. ఆక్సిజన్ సిలిండరు ఒకటి తెచ్చి పెడదామంటే వీధంతా చూస్తుండగా మోసుకురావాలి. పెద్ద బ్యాటరీ అన్నా అంతే. ఉన్న చిన్న ఇన్వర్టరు గంటసేపు లాగడం గగనం.

వీటన్నిటికీ మించిన చిక్కు, ఆ ఇల్లుగలావిడ కొడుకు మా ఆఫీసులోనే పనిచేస్తాడు. నెలలో కొన్నాళ్ళు మీటర్లు చదువుతాడు, మిగతా రోజులు లైన్లవాళ్ళ బండి మీద తిరుగుతాడు. ఆఫీసులో అతని పేరు రేడియో. నోట్లో నువ్వుగింజ నానదు. ఏ వీధిలో ఏ మొగుడూ పెళ్ళాలు కొట్టుకున్నారో, ఎవరి కుక్క ఎన్ని పిల్లల్ని పెట్టిందో బెంచీ మీద కూర్చుని చెబుతాడు. ఇక్కడి సంగతులు సాయంత్రం ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి చెబుతాడు. పెళ్ళీడు దాటుతున్నా అమ్మకి చెప్పనిదే అన్నం అరగదు. చెడ్డవాడేం కాదు. అదే నాకు మరీ భయం, చెడ్డవాడైతే జాగ్రత్తపడటం తేలిక.

అందుకే అక్క పేరు రాయలేదు. అవసరమూ లేకపోయింది. ఏ వీధికి ఎప్పుడు ఆపుతారో రాసిన షెడ్యూలు షీటు నాకు కనపడేది. అక్క వీధి వస్తోందంటే ముందురోజే వెళ్ళి చెప్పేదాన్ని. ఆ పూట కారు పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళి, అక్కడే ఒక మంచం చూసి పడుకోబెట్టేదాన్ని. అక్క ఇల్లుగలావిడతో "చెల్లెలింటికి వెళ్ళొస్తా" అనేది. అలా గుట్టుగా నెట్టుకొచ్చాం.

ఒక వీధిలో కరెంటు ఆపిన పూట దొంగలు పడ్డారు. కెమెరాలు పనిచేయవని వాళ్ళకి ముందే తెలుసు. షెడ్యూలు షీటు బయటికి పొక్కిందన్నారు. దానికి పట్టీ పెట్టే వంతు నాదే కదా. తెరిచాను, చదివాను, లేబులాయన చెప్పిన ప్రశ్న వేసుకున్నాను. పరాయివాడి కంట్లో పడితే ఎవరికి దెబ్బ? తాళం వేసుకుని పనికెళ్ళిన వాళ్ళందరికీ. సరైన జవాబే. ఎరుపు నొక్కాను. నొక్కాక తెలిసింది, అనుమతి ఉన్నవాళ్ళలో నా పేరు లేదని. తాళంచెవి లోపల మర్చిపోయి తలుపు లాగేసుకున్నట్టయింది.

పెద్దసారు దగ్గరికెళ్ళి అడిగాను. "మీకెందుకమ్మా అది? ఏ పొద్దుకాపొద్దు మీరు ఫోన్ చేయాల్సిన ఇళ్ళ వరస మీకు వస్తుంది కదా" అన్నాడు. వస్తుంది. నా షీటులో ఉన్న ఇల్లయితే వస్తుంది. లేని ఇల్లు ఎలా వస్తుంది? ఆ మాట ఆయనతో అనలేక తిరిగొచ్చి కూర్చున్నాను.

ఆ సాయంత్రం అక్క దగ్గరికెళ్ళాను.

"నీ పేరు రాసేస్తా అక్కా."

"వద్దు."

"దానికి ఎర్ర పట్టీ ఉంది. రేడియో తెరవలేడు."

"నువ్వు హాల్లో అరుస్తావుగా." నవ్వుకోడానికి ఎప్పుడో నేనే చెప్పిన మాట నాకే తిరిగి తగిలింది.

"నీ ఇంటి నంబరు మెల్లగా చెబుతాలే."

"ఒసే చిన్నదానా, నువ్వు పుట్టాక ఎప్పుడన్నా మెల్లగా మాట్లాడావా?"

నేను నవ్వలేదు. అక్క కూడా నవ్వు ఆపేసింది. "చూడు, కరెంటు పోతే పోతుంది, పోకపోతే లేదు" అంది, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ. "ఇల్లు మాత్రం, ఆవిడకి తెలిసిన రోజే పోతుంది. అప్పుడు నన్నెక్కడ పెడతావు? నీ మూడంతస్తులూ ఎత్తుకుని మోస్తావా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. జబ్బుమనిషి మీద కోపం రావడమంత అలుపు ఇంకోటి లేదు. కోపం తీర్చుకోలేం, మింగలేం. గ్లాసులో నీళ్ళు పోసి మంచం పక్కన పెట్టి వచ్చేశాను.

మర్నాడు లేబులాయన ఊరెళ్ళిపోతున్నాడు. సంచి సర్దుకుంటుంటే వెళ్ళి, ఎర్ర పట్టీ షీటు లైన్లవాళ్ళకి తెరుచుకుంటుందా అని అడిగాను. "తెరుచుకోదమ్మా. అది మనిషిని చూడదు, ఆ మనిషి చేసే పనిని చూస్తుంది" అన్నాడు.

"మీరు ఒక్క ప్రశ్నే చెప్పారు. రెండోది కూడా చెప్పాల్సింది" అన్నాను.

"ఏంటమ్మా అది?"

"చూడాల్సినవాళ్ళ కంట్లో పడకపోతే ఎవరికి దెబ్బ అని."

ఆయన సంచి జిప్పు లాగడం ఆపి నావంక చూశాడు. "నిజమేనమ్మా. వచ్చే ఊళ్ళో చెబుతాను" అని, బస్సు టైమైందంటూ లేచాడు. చెబుతాడో లేదో నాకు తెలీదు.

నేను బల్ల దగ్గరికొచ్చి షీటు తెరిచి అక్క పేరు రాశాను. ఇంటి నంబరు, ఫోను, ఆక్సిజన్. నా వేళ్ళు అలవాటు కొద్దీ రాసుకుపోయే గళ్ళే. సేవ్ చేసి చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అక్క మాట కాదన్నానని బాధగానే ఉంది. కానీ ఆ రాత్రి నాకు నిద్రపట్టింది, అబద్ధమెందుకు.

కొన్ని వారాలు ఏమీ జరగలేదు. తర్వాత ఒక పొద్దున నా వరసలో అక్క ఇల్లు వచ్చింది. పదకొండింటికి ఆపుతారు, మళ్ళీ సాయంత్రానికే ఇస్తారు. వీధి పొడుగునా తీగ మారుస్తున్నారు.

బెంచీ వంక చూశాను. మిగతావాళ్ళంతా బండెక్కేసినట్టున్నారు, రేడియో ఒక్కడే టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. చిత్రంగా ఆ పొద్దున మోగడం లేదు. నేను గోడవైపు తిరిగి, చేత్తో నోరు కప్పుకుని నంబరు నొక్కాను. మా ఫోన్లన్నీ రికార్డవుతాయి. కాగితంలో ఉన్నట్టు మాట్లాడాలి.

"నమస్కారమండీ. కరెంటాఫీసు నుంచి మాట్లాడుతున్నామండీ."

అవతల చిన్న దగ్గు ఒకటి వినపడి ఆగింది. నా గొంతు పోల్చుకుందని నాకు తెలుస్తూనే ఉంది.

"చెప్పండి" అంది అక్క.

ఇంటి నంబరు గుసగుసగా చదివాను. "అదే కదండీ మీ ఇల్లు?"

"అవునండీ."

"మీ ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉంది కదండీ?"

ఫోనులోంచి ఆ మిషన్ మోత నాకు వినపడుతోంది. దాని పక్కనే కూర్చుని మా అక్క, "లేదండీ. ఇక్కడ ఏ మిషనూ లేదు. ఫ్రిజ్ ఉంది. రాంగ్ నంబరు" అని పెట్టేసింది.

రెండోసారి చేశాను. కాగితం అవతలికి నెట్టేసి, ఎత్తీ ఎత్తగానే "అక్కా, నేనే, విను" అన్నాను. వినలేదు. మూడోసారికి ఫోను స్విచాఫ్.

పెద్దసారు దగ్గరికి పరిగెత్తి, ఆ వీధి రేపటికి పెట్టుకోలేమా అని అడిగాను. "తీగ వేలాడుతోందమ్మా. ఇవాళ మార్చకపోతే ఎవరి నెత్తిన పడుతుందో" అన్నాడు. అదీ నిజమే. నేనే వెళ్దామంటే అక్క ఇల్లు ఊరికి ఆ కొస, నా బల్ల మీద ఇంకా ఫోన్ చేయాల్సిన ఇళ్ళ వరస. వాళ్ళూ ఎవరికో అక్కలే, ఎవరికో నాన్నలే.

ఫోను ఎత్తని ఇళ్ళకి మా ఆఫీసులో ఒక పద్ధతుంది. తలుపు చీటీ అంటాం. చీటీ మీద ఇంటి నంబరు రాసి, "తలుపు తట్టి చెప్పవలెను" అని రాసి లైన్లవాళ్ళ చేతికిస్తే, వాళ్ళు వెళ్ళి చెప్పొస్తారు. జబ్బు పేరు రాయకూడదు. అలాగే చీటీ రాశాను. రాసి పట్టుకుని నిలబడ్డాను. బెంచీ మీద ఉన్నది రేడియో ఒక్కడే.

ఇస్తే అక్క ఇల్లు పోతుంది. ఇవ్వకపోతే అక్కే పోతుంది. ఇన్నాళ్ళ గుట్టూ, ఇన్ని రంగులూ కలిసి చివరికి నన్ను ఈ బెంచీ ముందుకి తెచ్చి నిలబెట్టాయి. చీటీ ఇచ్చేశాను.

అతను చదివాడు. నావంక చూడలేదు. "మా ఇల్లే కదండీ ఇది."

"కింది వాటా" అన్నాను.

"తెలుసండీ." చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. రేడియో గొంతు అంత తగ్గించి మాట్లాడగలడని నాకు తెలీదు. "ఆ మీటరు చదివేది నేనే కదండీ. ఒక్క మనిషి, ఒక ఫ్రిజ్. పదిమంది ఉన్న ఇల్లంత తిరుగుతుంది. ఎంత పాత ఫ్రిజ్ అయినా అంత తినదండీ."

"మీ అమ్మగారికి..." అన్నాను.

"చెప్పలేదండీ. అమ్మకి అన్నీ చెప్తాను. ఇది చెప్తే ఏమవుద్దో నాకు తెలీదా?" గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "మా వీధికి ఆపే ముందురోజు మీరొచ్చేవారు, ఆపే పూట ఆవిణ్ణి కార్లో తీసుకెళ్ళేవారు, చూసి ఊరుకునేవాణ్ణి. నిన్న రాలేదు. మీకిప్పుడు షెడ్యూలు కనపడదట కదా. నేనే చెబుదామనుకున్నా. నాకు తెలుసని మీకు తెలిస్తే, భయపడి ఆవిణ్ణి ఇల్లు మార్పిస్తారేమోనని ఆగిపోయా. చీటీ ఇస్తారేమోనని పొద్దుట్నుంచి ఇక్కడే కూర్చున్నా."

"నేను ఇవ్వకపోతే?"

"ఊరికే వెళ్ళి కొట్టేవాణ్ణండీ తలుపు." లేచాడు. "స్టోర్లో చిన్న జనరేటర్ ఉంది, పట్టుకెళ్తున్నా. సారుకి చెప్పకండి." 

అతను వెళ్ళిన తర్వాత నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవడానికి తీరిక లేదు. తర్వాతి ఇంటి నంబరు నొక్కాను. అవతల ముసలాయనకి వినపడదు. "ఆక్సిజన్ మిషన్ ఉంది కదండీ" అని హాలంతా మోగేలా అరిచాను.

సాయంత్రం పని అవగానే బస్సెక్కాను. సీటు దొరకలేదు. వేలాడుతూ నిలబడి, అక్క ఎలా ఉందో, సామాన్లు ఎప్పటికి సర్దాలో, మెట్లు లేని ఇల్లు మళ్ళీ ఎక్కడ వెతకాలో, ఒకదాని వెనక ఒకటి అనుకుంటూనే ఉన్నాను. సెల్‌ఫోన్ చేతికొచ్చాక ఎన్నిసార్లు చేసినా అక్కది స్విచాఫే.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని వెళ్ళాను. కరెంటు వచ్చేసింది, మిషన్ మోగుతోంది. కిటికీ ఊచల్లోంచి లోపలికి లాగిన పొడుగాటి వైరు ఇంకా తీయలేదు, నేల మీద చుట్టలు పడి ఉంది. అక్క రెండు దిళ్ళు ఎత్తు పెట్టుకుని పడుకుంది. ముఖం పీక్కుపోయింది, గోళ్ళు ఇంకా నీలంగానే ఉన్నాయి. నన్ను చూసి గోడవైపు తిరిగింది.

"పొద్దున ఎవరో ఒకావిడ ఫోన్ చేసింది" అంది గోడతో. "అండీ, అండీ అని ఎంత మర్యాదో. నా చెల్లెలు ఒక్కనాడు మాట్లాడింది లేదు అలాగ."

"ఫోనెందుకు ఆపేశావు?"

"పేరు రాసుకుని సరిచూసుకోడానికి చేశావనుకున్నా. వద్దన్నా రాశావని ఒళ్ళు మండిపోయింది."

"రాశాను."

"తీసెయ్."

"తీయను."

నేను మంచం అంచున కూర్చుని అక్క కాళ్ళు ఒళ్ళో పెట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. రుద్దుతూ కూర్చున్నాను. కాసేపటికి అక్కే ఇటు తిరిగి, ఆగి ఆగి చెప్పుకొచ్చింది.

రేడియో వచ్చి తలుపు కొట్టాడట. కిటికీ తెర సందులోంచి చూసి, అతనని తెలిసి అక్క తీయలేదు. లోపల చప్పుడు లేకుండా కూర్చుంది. అతను కొట్టి కొట్టి, గుమ్మంలోనే జనరేటర్ పక్కన చతికిలబడ్డాడు. మారు తాళంచెవి పైన వాళ్ళమ్మ దగ్గర ఉంది గానీ, అడిగితే గుట్టు బయటపడుతుందని అడగలేదట. పదకొండింటికి కరెంటు పోయింది. ఇన్వర్టరు కొంతసేపు లాగి, కీచుకీచుమని ఆగిపోయింది. లేద్దామనుకుంటే అక్కకి కాళ్ళు రాలేదు. అప్పుడు అతను తలుపు బాదుతూ "అమ్మా, తాళంచెవి" అని అరిచాడు. వీధంతా వినపడేలా అరిచాడు.

"ఆవిడ పరిగెత్తుకొచ్చి తాళం తీసింది" అంది అక్క. "వాడు కిటికీలోంచి వైరు లాగి దీనికి పెట్టాడు. నాకు ఊపిరందాక చూస్తే, ఆవిడ ఇక్కడే, నా కాళ్ళ దగ్గర నిలబడి దీన్నే చూస్తోంది. 'ఇదా ఫ్రిజ్?' అంది."

"నువ్వేమన్నావు?"

"ఇదేనండీ అన్నా. ఇంకేం అంటాను?"

నేను కాళ్ళు రుద్దడం ఆపేశాను. "ఖాళీ చెయ్యమందా?"

"వాడు ఏదో చెప్పబోతే 'నువ్వుండరా' అంది. తర్వాత దగ్గరికొచ్చి గొట్టం ముక్కుకి సరిగ్గా పెట్టింది. పెట్టి, 'ఉంటే ఉండండి గానీ, నా ఇంట్లో మాత్రం పోకండి' అంది."

"అదేం మాటక్కా!" ఒక్కసారి ఒళ్ళు మండింది. వెంటనే నవ్వొచ్చింది. అక్క కూడా నవ్వబోయి దగ్గులో పడింది. వీపు నిమిరాను, నీళ్ళు తాగించాను. ఆ దగ్గూ నవ్వూ అయిపోయాక ఇద్దరికీ అలుపు తప్ప ఏమీ మిగల్లేదు. అక్క దిండు మీదికి వాలి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుని, దీపం తగ్గించడానికి లేచాను.

"అలాగేనండీ అని మాటిచ్చాను" అంది కళ్ళు మూసుకునే.

"ఊ."

"మాటిచ్చాక తప్పకూడదు కదే. ఈసారి ఫోనెత్తుతాలే."

"ఎత్తు."

"నువ్వు మాత్రం అంత మర్యాదగా మాట్లాడకు. భయమేస్తుంది."